ఇంటివద్ద టర్బో ఇంజను నిర్మాణము

మోటారుబండి నెక్కి తిరుగువారు పెక్కురు. దాని ఇంజను పని చేయు విధమెఱిగినవారు కొందఱే. దానిని ముక్కలుగా విప్పి, తాము కోరిన రీతిని మరల కూర్చుకొనువారు మిక్కిలి అరుదు. విదేశములలో ననేకులు తమ యింటి కారుషెడ్డులోనే యిట్టి పనిని వినోదముగా సాగించుచున్నారు. మన విద్యార్థులలోను దీనియందు మక్కువ గలవారు లేకపోలేదు. "టర్బో బిగించినచో బలము రెట్టింపగును గదా, ఇక కష్టమేమి?" అని వారడుగుచుందురు. ఆ కష్టమెచ్చట నున్నదో చూపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

మొదట బలమెట్లు పుట్టునో చూతము. ఒక పాలు పెట్రోలు చక్కగా కాలుటకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పెట్రోలు నెక్కువగా పోయుట సులభము. దానికి తగిన గాలిని సిలిండరులో నింపుటయే కష్టము. కావున బలమును పెంచుటకు ముఖ్యముగా మూడు మార్గములు గలవు. సిలిండర్లను పెద్దవి చేయుట యొకటి. నిమిషమునకు ఎక్కువ చుట్లు తిరుగునట్లు చేయుట రెండవది. ప్రతి చుట్టునందును గాలిని కూరి పంపుట మూడవది. అధిక వేగమును టర్బోను కలిపి కోరువాడు కడపటి రెండు మార్గములను ఒక్కసారిగా త్రొక్కుచున్నాడన్నమాట.

గాలిని కూరు ఉపాయమును స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బూషీ అను ఇంజనీరు 1905లో పేటెంటు చేసెను. ఇంజను నుండి వ్యర్థముగా పోవు పొగ మిక్కిలి వేడియు వేగమును గలది. ఆ పొగ యొక చిన్న రెక్కల చక్రమును త్రిప్పును. అదే యిరుసు రెండవ కొననున్న మఱియొక చక్రము బయటి గాలిని పీల్చి, ఒత్తి, సిలిండర్లలోనికి పంపును. ఈ యిరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. దానిని కాపాడునది పలుచని నూనెపొర మాత్రమే. నూనె యొక నిమిషము ఆగినను టర్బో పాడగును.

ఒత్తిన గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగు కాలుట అందఱు నెఱిగినదే. 30 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనమునకు ఒత్తినచో అది 120 డిగ్రీలు దాటును. వేడిగాలి వ్యాకోచించును గనుక, పీడనము రెట్టింపైనను గాలి తూకము ఒకటిన్నర రెట్లే యగును. ఇంటర్‌కూలరు అను చల్లార్చు పెట్టెతో దానిని 50 డిగ్రీలకు దింపినచో ఇంచుమించు 1.9 రెట్లు దొరకును. అంతేకాక, వేడి మితిమీరినపుడు మిశ్రమము తనంత తానే ప్రేలి సుత్తితో కొట్టినట్లు పిస్టనును మోదును. దీనినే నాకింగు అందురు. అది కొద్ది క్షణములలోనే పిస్టనును చిల్లి చేయగలదు. అందువలననే కూర్చువారు సంపీడన నిష్పత్తిని 10 నుండి 8 లేక 9కి తగ్గింతురు. మంట వెలిగించు సమయమును కొంత వెనుకకు జరుపుదురు.

ఇక వేగము సంగతి. పిస్టను ప్రయాణదూరము 80 మిల్లీమీటర్లు గల ఇంజను నిమిషమునకు 9,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. పిస్టను సగటు వేగము సెకనుకు 24 మీటర్లు; అయినను సెకనుకు 300 మార్లు అది నిలిచి వెనుకకు మరలవలెను. పిస్టనుతో కూడిన భాగముల తూకము 400 గ్రాములు, కడ్డీ పొడవు 140 మిల్లీమీటర్లు అనుకొన్నచో, పైకొనయందు కడ్డీని లాగు బలము సుమారు 1,860 కిలోల బరువునకు సమానము! 4,500 చుట్లవద్ద నీ బలము 466 కిలోలే. వేగము రెట్టింపైన లాగుడు నాలుగు రెట్లగును. కావున టర్బో కడ్డీని నొక్కును, వేడి నెక్కించును. వేగము కడ్డీని సాగదీసి తెంపజూచును. రెండును వేర్వేరు శత్రువులు. కవాటముల స్ప్రింగులు కూడ బలహీనమైనచో కవాటములు సమయమునకు మూయబడక పిస్టనుకు తగులును.

కాబట్టి పోతపిస్టనులకు బదులు సుత్తిపోటుతో తీర్చిన ఫోర్జుడు పిస్టనులను, కడ్డీలను వాడుదురు. సిలిండరు బోరింగు, క్రాంకుషాఫ్టు గ్రైండింగు, తూకము సరిచేయుట విజయవాడ ఆటోనగరువంటి చోటులనున్న యంత్రశాలల పనులు. ఇంటివద్ద చేయవలసినవి శుభ్రపఱచుట, కొలుచుట, కూర్చుట. బేరింగులలో నుండవలసిన సందు సుమారు 0.05 మిల్లీమీటరు, అనగా తలవెండ్రుక మందముకంటె తక్కువ. పిస్టను రింగు కొనల నడుమ సందును టర్బో వేడికి తగినట్లు పెంచవలెను. లేనియెడల వేడికి కొనలు తాకి, రింగు బిగిసి పిస్టను పగులును. కడ్డీ బోల్టుల బిగువును చేతి యంచనాతో కాక, బోల్టు సాగిన పొడవును కొలిచి నిర్ణయింపవలెను. తుదకు, మంట వెలిగింపక ముందే ఇంజనును త్రిప్పి, నూనె పీడనపు ముల్లు లేచుట చూడవలెను.

ఇట్టి ఇంజనునకు గొప్ప నిదర్శన మున్నది. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ జయశాలి యైనప్పుడు అతని కారులోనిది బీఎండబ్ల్యు వారి 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. దాని ఇనుప బ్లాకు రోడ్డుకార్ల బ్లాకు నుండి వచ్చినదే. అనగా ఘనత బ్లాకుది కాదు, దానిని కొలిచి కూర్చినవారిది.

తల్లిదండ్రుల భయము సహేతుకమే. కారును తయారీదారుని వివరములకు భిన్నముగా మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. కావున ఇట్టి యింజను పరీక్షాస్టాండుకును పోటీబాటకును చెందినదే గాని, బజారునకు కాదు. ఖర్చు కూడ స్వల్పము కాదు. అందుచేత మా సలహా యేమన, బాలుడు మొదట పాత స్కూటరు ఇంజను నొకదానిని పెద్దల యెదుట విప్పి, ప్రతి భాగమును కొలిచి, కొలతలను పుస్తకమున వ్రాసి, మరల కూర్చి నడిపింపవలెను. అది మొదటి తన్నునకే లేచి, నూనె కారక, చప్పుడు చేయక ఒక గంట నడిచెనా, అతడు రెండవ మెట్టున కర్హుడు. అట్లు గాక టర్బోతోనే ఆరంభించువానికి, ఏ బోల్టు బలహీనమో ఇంజనే చెప్పును. అప్పటికి వినుటకు సమయముండదు.