అరుదగు సంఘటనల గణితము: శ్రీ వరదన్ పరిశోధన

నాణెమును 100 మారులు ఎగురవేసినచో 60 మారులైనను బొమ్మ పడుటకు నూటికి సుమారు మూడుపాళ్లు అవకాశము గలదు. 1000 మారులలో 600 బొమ్మలు కోరినచో ఆ అవకాశము 100 కోట్లలో ఒకవంతుకన్నను తక్కువ! నిష్పత్తి మారలేదు; ఆశ మాత్రము అడుగంటినది. ఇట్లు క్షీణించు వేగమును కొలుచునదే మహావిచలన సిద్ధాంతము. భీమా సంస్థ దివాలా తీయు ప్రమాదమును గణించుటకు ఇది యావశ్యకము. స్వీడను దేశీయుడగు క్రామర్ 1938లో దీనికి బీజము నాటెను.

దానిని మహావృక్షముగా పెంచినవారు శ్రీ ఎస్. ఆర్. శ్రీనివాస వరదన్. 1940లో మద్రాసున జన్మించి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిరి. అచట వారి గురువు శ్రీ కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, నాటి బళ్లారి మండలపు హూవిన హడగలిలో 1920లో తెలుగింట పుట్టినవారు. శిష్యుడు గణాంకశాస్త్రము విడిచి శుద్ధగణితమువైపు మరలినను గురువు అడ్డుచెప్పలేదు. విద్యాదానమున ఇది చిన్న గుణము కాదు. రష్యను గణితజ్ఞుడు కొల్మొగొరొవ్ ఆ సిద్ధాంతవ్యాసమునకు పరీక్షకుడయ్యెను.

1963లో వరదన్ న్యూయార్కులోని కూరంట్ సంస్థకు వెడలిరి. 1966లో ప్రకటించిన వ్యాసమున వారి మూలభావము కానవచ్చును. అరుదగు సంఘటన వేయిదారుల రాగలదు. ప్రతిదారికిని ఒక వెల కట్టవలెను. సంఘటన జరిగినచో, మిక్కిలి చౌకయగు దారినే దాదాపు తప్పక జరుగును. కావున వేయిదారుల లెక్క యక్కరలేదు. కనిష్ఠమగు వెలను కనుగొన్న చాలును. 1975 మొదలు డాన్‌స్కర్‌తో గూడి దీనిని మరింత విస్తరించిరి. 2007లో ఆబెల్ బహుమతి లభించునాటికి గురువుగారు సజీవులే. వారు 2023లో, 102 ఏండ్లు నిండిన పిమ్మట, కీర్తిశేషులైరి.