సుఖోయ్ నేల మీదే ఆగిపోతే: మరమ్మతు దారిలో 60 పంపుల లెక్క

యుద్ధ విమానం ఎగరకుండా ఆగిపోవడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కర్లేదు. ఒక హైడ్రాలిక్ పంపు పాడై, దాని స్థానంలో బిగించడానికి మరొకటి స్టోర్‌లో లేకపోతే చాలు.

సుఖోయ్-30 ఎంకేఐల విషయంలో 2015లో కాగ్ ఎత్తిచూపింది ఇలాంటి పరిస్థితినే. 75 శాతం విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్నది నియమం. ఉన్నవి 55 నుంచి 60 శాతమే.

మరిన్ని విడిభాగాలు కొనేస్తే సరిపోదా? నెలకు 10 పంపులు మరమ్మతుకు వెళ్తున్నాయనుకుందాం. ఒక్కోటి తిరిగి రావడానికి ఆరు నెలలు పడితే, ఎప్పుడు చూసినా 60 పంపులు దారిలోనో వర్క్‌షాపులోనో ఉంటాయి. అదే మూడు నెలల్లో వస్తే 30 మాత్రమే. కొత్తది ఒక్కటీ కొనకుండానే 30 పంపులు చేతికొచ్చినట్టు. కొనుగోలు ఒప్పందాలకు దొరికే ప్రచారం ఈ లెక్కకు దొరకదు.

ఇక్కడి వర్క్‌షాపు ఎంత వేగంగా పనిచేసినా, లోపల వేయాల్సిన సీలో బేరింగో రష్యా నుంచి రావాలంటే పని ఆగుతుంది. అందుకే 2017 మార్చిలో హెచ్ఏఎల్ రష్యా సంస్థలతో ఐదేళ్ల సరఫరా ఒప్పందాలు చేసుకుంది. తర్వాత ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. రష్యా నుంచి రావాల్సిన ఒక పెద్ద డెలివరీ రావడం లేదని 2023లో వైమానిక దళమే పార్లమెంటరీ కమిటీకి చెప్పింది.

2024 సెప్టెంబర్‌లో 240 సుఖోయ్ ఇంజిన్ల కోసం హెచ్ఏఎల్‌తో 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం కుదిరింది. వీటిని ఒడిశాలోని కొరాపుట్‌లో తయారుచేస్తారు. అందులో స్వదేశీ వాటాను 63 శాతం వరకు తీసుకెళ్తామంటున్నారు. ఇంజిన్ల ఓవర్‌హాల్‌లోనూ ఆ భాగాలే వాడొచ్చు. మిగతా 37 శాతానికి మాత్రం ఎదురుచూపులు తప్పవు.