కార్డు తీసేసిన కంప్యూటర్‌ను అడిగేదెవరు?

ఎవరు పేదవారో తేల్చే పని ఒకప్పుడు రెవెన్యూ సిబ్బందిది. వారు ఇంటికొచ్చి చూసేవారు. తెలంగాణలో దాదాపు పదేళ్ల కిందట ఆ పనిలో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ చేరింది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను వంటి రికార్డులను పేర్లు, చిరునామాల పోలికతో జతచేసి, ఫలానా ఇంటికి కారుందని అది చెబుతుంది. అందులో వాడిన సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌కే చెందిన పోసిడెక్స్ కంపెనీది.

మనవాళ్లకు చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. షేక్, సయ్యద్, మహమ్మద్ లేని గల్లీ ఏది? ఒకే పేరు ఇంగ్లీషులో ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా పడుతుంది. నగరంలో ఒక రిక్షా కార్మికుణ్ణి, ఇంచుమించు అదే పేరున్న కారు యజమానిగా ఈ వ్యవస్థ లెక్కగట్టింది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ ఈ వ్యవస్థ వల్లే పోయాయని అనలేం, బోగస్ కార్డులూ ఉన్నాయి. కానీ నోటీసు కూడా ఇవ్వకుండా తీసేశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. రద్దయిన కార్డులపై ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ విచారణలో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. అప్పటిదాకా వాళ్లు తిన్నదేమిటో ఏ రికార్డులోనూ ఉండదు.

రేషన్ డీలర్ తూకంలో మోసం చేస్తే తూనికలు, కొలతల చట్టం ఉంది. మనిషినే తప్పుగా తూచిన సాఫ్ట్‌వేర్‌కు అలాంటి చట్టం లేదు. అది ఏ సూత్రంతో పేర్లు కలుపుతుందో చెప్పమంటే, కంపెనీ హక్కులు అడ్డొచ్చాయి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరుకున్న ప్రభుత్వ సంస్థలను మినహాయించే వీలు కేంద్రానికి ఇచ్చింది. కృత్రిమ మేధకు మన దేశంలో మార్గదర్శకాలే తప్ప ప్రత్యేక చట్టం రాలేదు. యూరప్‌లో 2024లో అమల్లోకి వచ్చిన చట్టం, ప్రభుత్వ సాయానికి అర్హులెవరో తేల్చే ఇలాంటి వ్యవస్థలను అధిక ప్రమాదం గలవాటిగా గుర్తించి కట్టుబాట్లు పెట్టింది. పెద్ద కంపెనీలు అక్కడా గొణుగుతూనే ఉన్నాయి, అది వేరే కథ.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది 2013 నాటి ఆహార భద్రతా చట్టం. దాని కింద జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉన్నారు. కార్డు ఎందుకు పోయిందో కారణం రాతపూర్వకంగా అడగాలి, విచారణకు పట్టుబట్టాలి. అయితే మీర్‌పేట్, జిల్లెలగూడల నుంచి కొంగరకలాన్ కలెక్టరేట్‌కు వెళ్లి రావాలంటే కూలీకి ఆ రోజు పని పోయినట్టే. అందుకే ఈసారి దాతలను కోరేది రంజాన్ కిట్లకు మాత్రమే కాదు. దరఖాస్తు రాసిపెట్టే చదువుకున్న పిల్లలు, జిరాక్సుల ఖర్చు, ఆటో చార్జీ, ఆ ఒక్క రోజు కూలీ కూడా కావాలి.