పట్టాలు వస్తే చాలా? బండి ఆగాలి

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసింది. పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయాయి. చెన్నై–విజయవాడ మార్గంలో బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. చాలా రైళ్లు రద్దయ్యాయి. జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల నిండి, గేట్లెత్తితే దిగిన నీళ్లవి. సోమశిల ఉన్నది ఆత్మకూరు పక్కన, అనంతసాగరం మండలంలో. ఆత్మకూరు వైపు నుంచి దిగిన వరద ఎన్నో రైళ్ల టైముటేబుల్‌ను తారుమారు చేసింది. ఆ ఆత్మకూరుకు మాత్రం అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు.

కోస్తా లైను తెగితే మరో దారి ఉండాలన్న ఆలోచన అంతకు పదేళ్ల ముందే కాగితాల మీదికి ఎక్కింది. 2011–12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి లైను అదే. పొడవు సుమారు 309 కిలోమీటర్లు. తొలి అంచనా 2,289 కోట్ల రూపాయలు. ఖర్చులో సగం కేంద్రం, సగం రాష్ట్రం భరించాలి, భూమి రాష్ట్రమే ఉచితంగా ఇవ్వాలి అన్నది ఒప్పందం. ఉత్తరాన న్యూ పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా ముక్క మొదట పూర్తయింది. గుండ్లకమ్మ నుంచి దర్శి వైపు ముక్క ఆ తర్వాత వచ్చింది. అక్కడి నుంచి పొదిలి, కనిగిరి, పామూరు, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తికి చేరాలి. భూసేకరణలో జాప్యం, రాష్ట్రం వాటా సకాలంలో జమ కాకపోవడం, మధ్యలో రాష్ట్ర విభజన కలిసి ఈ పనిని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టాయి.

ఈ లైను పోయే దారిలోని పాత తాలూకాల పేర్లను వరసగా చదవండి. దర్శి, పొదిలి, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి. వందేళ్ల కిందటి నెల్లూరు జిల్లా పటంలో పడమటి అంచున ఉన్న తాలూకాలు, జమీందారీలు ఇవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు పై సగం అటు వెళ్లిపోయింది. 2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాలో కలిసింది. పాలనలో విడిపోయినా నేల ఒకటే. వెలిగొండల నీడలో పడే కొద్ది వాన, బోరు మీద సేద్యం, పొగాకు, నిమ్మ, వలస. 1899 నాటికి మద్రాసు నుంచి బెజవాడకు రైలు కలిసింది. ఆ లైను సముద్రాన్ని ఆనుకుని గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా పోయింది. మిల్లులు, కాలేజీలు, ఆసుపత్రులు ఆ పట్టాల వెంట వెలిశాయి. మెట్ట మెట్టగానే మిగిలింది. ఈ వెనుకబాటుకు కారణం వాన ఒక్కటే అనడం నాకు ఒప్పుబాటు కాదు. రాకపోకల లోటు కూడా అంతే కారణమైంది.

అందుకే ఇక్కడ రైలు మాటెత్తితే బస్టాండులోనైనా, పొగాకు వేలం కేంద్రం దగ్గరైనా వాదన పెరుగుతుంది. కావాలనేవాళ్లూ ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. రెండు వైపులా బలమైన కారణాలున్నాయి. కాకపోతే ఆ వాదన ఎక్కువగా ‘ఎప్పుడొస్తుంది’ దగ్గరే తిరుగుతోంది. అసలు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది దిక్కు. ఈ లైను ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. మన రోజువారీ ప్రయాణం మాత్రం పడమర నుంచి తూర్పుకు. ఉదయగిరి మనిషికి జబ్బు చేస్తే నెల్లూరు పోతాడు, అది దాదాపు వంద కిలోమీటర్ల దూరం. ఆత్మకూరు నుంచి పిల్లలు చదువుకు నెల్లూరే వెళ్తారు, అదీ యాభై కిలోమీటర్లు దాటిన దూరం. కలెక్టరాఫీసు నెల్లూరులోనే ఉంది. రేపు ఆత్మకూరులో రైలెక్కితే అది నెల్లూరు తీసుకుపోదు. రాపూరు దాకా దిగి, అక్కడ కృష్ణపట్నం లైను మీదికి మళ్లితేనే వెంకటాచలం మీదుగా నెల్లూరు చేరవచ్చు. సంగం మీదుగా గంటన్నరలో పోయే బస్సును వదిలి అంత చుట్టు ఎవరూ తిరగరు. రైలు వస్తే నెల్లూరు దగ్గరవుతుందని మీటింగుల్లో చెప్పే మాట నిలబడదు.

అలాగని రైలు పనికిరాదా? ఎంతో పనికొస్తుంది, కాకపోతే వేరే ప్రయాణాలకు. తిరుపతికి, చెన్నైకి, హైదరాబాదుకు. ఈ మండలాల నుంచి హైదరాబాదుకూ బెంగుళూరుకూ పనికి పోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. పండగకు రావాలంటే రాత్రి బస్సుల టిక్కెట్లు అందుకోలేని ధర పలుకుతాయి. కొండ మొక్కు తీర్చుకోవడానికి పోయే ముసలివాళ్లకు రైలు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాల నుంచి కదిలే పొగాకుకూ, నిమ్మకాయల బస్తాలకూ లారీకి తోడు ఇంకో దారి దొరుకుతుంది. రైలును ఈ ప్రయాణాల కోసం అడగాలి. నెల్లూరు కోసం బస్సునే గట్టిగా పట్టుకోవాలి. పట్టాలు పడ్డాయి కదా అని ఉదయగిరి, ఆత్మకూరు డిపోల బస్సుల్లో ఒక్కదాన్ని తగ్గించినా ఒప్పుకోకూడదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆ సౌకర్యం రైల్లో ఉండదు. కూలికి పోయే మనిషి లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెండోది ఆగే చోటు. దీనికి పాఠం రాపూరు దగ్గరే ఉంది. ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలను తొలిచి కృష్ణపట్నం వైపు వేసిన లైనులో చెర్లోపల్లి–రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం ఉంది. 2019 సెప్టెంబరు 1న ఉపరాష్ట్రపతి హోదాలో దాన్ని జాతికి అంకితం చేసింది వెంకయ్యనాయుడు. 1978లోనూ 1983లోనూ ఉదయగిరి ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి. ఇంజినీర్ల పనితనానికి చేతులెత్తి మొక్కాల్సిన సొరంగమది. కానీ ఆ లైను ప్రధానంగా రేవుకూ గనులకూ మధ్య సరుకు కోసం పుట్టింది. మనుషుల బండ్లు దాని మీద రెండో వరసే. ఊరి పక్క నుంచి పట్టాలు పోయినంత మాత్రాన ఊరికి రైలు వచ్చినట్టు కాదని రాపూరు వాళ్లకు చెప్పక్కరలేదు.

నడికుడి లైను కూడా కోస్తా మార్గం మీది ఒత్తిడి తగ్గించడానికీ, తుపానుల్లో ప్రత్యామ్నాయానికీ ఉద్దేశించింది. అంటే దూరపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు దూసుకుపోయే దారి. పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరులో నిలుస్తూ పోయే చిన్న డెమూ బండి దానంతట అది రాదు. అడిగితే వస్తుంది. ఉదయం తిరుపతికి, సాయంత్రం తిరుగు ప్రయాణానికి కనీసం ఒక బండి, ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్‌కు ఆత్మకూరులో హాల్టు. ఈ రెండూ మాటగా కాకుండా కాగితం మీద ఉండాలి.

ఇక్కడ మద్రాసు ట్రామ్ సంగతి చెప్పాలి. నెల్లూరు వాళ్లకు ఒకప్పుడు పట్నమంటే మద్రాసే. 1895 మే నుంచి 1953 ఏప్రిల్ దాకా అక్కడి వీధుల్లో కరెంటు ట్రామ్ నడిచింది. చదువుకో, సినిమా పనికో పోయిన మనవాళ్లు దాని మీద తిరిగారు. అది పెద్ద వేగంగా పోయిందీ లేదు. ప్రతి వీధి మొగలోనూ ఆగింది. నిలవడమే దాని విలువ. చివరికి నష్టాల పేరుతో మూసేశారు. కలకత్తాలో ఒక్క వారసత్వ మార్గం తప్ప ట్రాములు ఆపేస్తామని 2024లో బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది. మెల్బోర్న్‌లో మాత్రం సుమారు 250 కిలోమీటర్ల ట్రామ్ మార్గాలు ఈనాటికీ ఊరిని మోస్తున్నాయి. ట్రామ్ వేయాలా వద్దా అని ఏ నగరంలో పోట్లాట జరిగినా తేల్చేది మూడే ప్రశ్నలు. ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎంతసేపటికొకటి వస్తుంది, దిగినవాడు ఇంటికెలా పోతాడు. మెట్ట రైలుకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

మన రాష్ట్రంలో ఈ చర్చ నగరాలకే పరిమితమైంది. విశాఖకూ విజయవాడకూ మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. విశాఖలో లైట్ మెట్రోతో పాటు ఆధునిక ట్రామ్ మార్గాల ప్రతిపాదన కూడా ఒక దశలో నడిచింది. 2024 డిసెంబరులో రాష్ట్రం ఆమోదించిన ప్రణాళికలో విశాఖ తొలి దశ 46 కిలోమీటర్లకు 11,498 కోట్లు, విజయవాడ తొలి దశ 38 కిలోమీటర్లకు 11,009 కోట్లు. నగరానికి అది అవసరమే, కాదనను. కానీ 309 కిలోమీటర్ల మెట్ట లైనులో రాష్ట్రం తన సగం వాటా కోసం ఇన్నేళ్లు తడుముకున్న సంగతి ఆ అంకెల పక్కన పెట్టి చూస్తే కడుపు మండుతుంది.

ఉదయగిరి బాధ మరో రకం. లైను వరికుంటపాడు, వింజమూరు వైపు నుంచి పోతుంది. కొండ కిందికి రాదు. దగ్గరి స్టేషను కూడా ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కొండను ఆనుకుని పట్టాలు తిప్పాలన్న కోరికను అర్థం చేసుకోగలను. 1513లో ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించిన కృష్ణదేవరాయలు బండలు పగలగొట్టించి దారులు వేయిస్తూ ఏడాదిన్నర కాచుకోవాల్సి వచ్చిందని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. ఇప్పుడు యంత్రాలున్నా వంపు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ డబ్బు, కాలం కావాలి. ఇప్పటికే ఆలస్యమైన లైనును మళ్లీ గీతల దశకు తీసుకెళ్తే మరో తరం పోతుంది. నా మాట ఒకటే. ఉదయగిరి వాళ్లు పట్టాల వంపు కోసం పోరాడేకంటే, దుత్తలూరు మీదుగా ప్రతి బండికీ అందేలా వేళలు కుదిర్చిన బస్సు కోసం పోరాడితే మేలు.

దానితో ఎవరికి లాభమో చూడాలంటే ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లాలి. కొండ మీది నుంచి తెచ్చిన నర్ది, బిక్కి లాంటి చెక్కను కోసి, చెక్కి, ఆకురాయితో నున్నగా చేసి, చెంచాలు, ఫోర్కులు, గరిటెలు తీస్తారు. కాడ మీద లతలు, చేపలు, జాలీ పని. ఒక్కో చెంచా పలచగా గోటితో మీటితే మోగేలా ఉంటుంది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. సరుకు తేలిక, విరిగే భయం ఎక్కువ, ఒక్కో ఆర్డరు చిన్నది. తిరుపతి అంగళ్లకో హైదరాబాదు మేళాకో పెట్టెతో పోవాలంటే రెండు మూడు బస్సులు మారాలి. ఇలాంటి పనికి గూడ్సు రైలు అక్కరలేదు. వింజమూరులో రెండు నిమిషాలు ఆగే బండీ, దానికి ముందు ఉదయగిరిలో బయల్దేరే బస్సూ చాలు.

మూడోది నేల. రైలు వద్దనేవాళ్లలో ఎక్కువమంది భూమి పోతున్నవాళ్లే, వాళ్ల మాట ముందు వినాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువను బట్టి కట్టిన పరిహారానికి అంతే మొత్తం సొలేషియంగా (ఊరడింపు సొమ్ముగా) కలుస్తుంది. బానే ఉంది. కానీ ఆ మార్కెట్ విలువను రిజిస్ట్రేషను కాగితాల నుంచి తీస్తారు, కాగితం మీద ధరకూ నేల మీద ధరకూ పొంతన ఉండదు. దానికి తోడు చుక్కల భూములు. పాత రీసర్వే రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములు నెల్లూరు జిల్లాలో ఎన్నో ఉన్నాయి. వాటి మీద హక్కులు కల్పించే కార్యక్రమాన్ని 2023 మేలో కావలిలోనే జరిపారు. తాతల నాటి నుంచి దున్నుతున్నా కాగితం సరిగా లేని రైతుకు పరిహారం దగ్గర ఎదురయ్యేది కచేరీల చుట్టూ తిరుగుడే. పట్టాలు పడేలోపు ఆ కాగితాలు సరిచేయడం రెవెన్యూ వాళ్ల బాధ్యత.

పరిహారం చేతికొచ్చాక కూడా కష్టం తీరదు. ఎత్తయిన కట్ట పొలాన్ని రెండుగా చీలుస్తుంది. బోరు ఈ పక్క, చేను ఆ పక్క. కొత్త లైన్లకు గేట్లు పెట్టడం లేదు, ఎక్కువగా అండర్ పాసులే. వాన పడితే అవి నీళ్లతో నిండుతాయి. ట్రాక్టరూ పోదు, గొడ్లూ పోవు. వెలిగొండల నుంచి దిగే వాగులు చెరువులకు నీళ్లు మోస్తాయి. కట్ట కింద తూము చిన్నదైతే పై పొలం మునుగుతుంది, కింది చెరువు ఎండుతుంది. ఈ లైను బొగ్గేరును దాటాలి, పెన్నను దాటాలి. మధ్యలో పేరు లేని పిల్ల వాగులు చాలా ఉన్నాయి. పెన్న వంతెనకు నిపుణులు ఎలాగూ లెక్క కడతారు. పిల్ల వాగు ఏ వానకు ఎక్కడిదాకా పొంగుతుందో ఆ ఊరి రైతుకే తెలుసు. వరికుంటపాడు నుంచి రాపూరు దాకా ప్రతి గ్రామసభలో తూముల చోటూ వెడల్పూ, అండర్ పాసు ఎత్తూ, అందులోంచి నీరు బయటికి పోయే దారీ తీర్మానంగా రాయించి తహసీల్దారుకు, రైల్వే నిర్మాణ విభాగానికి ఇప్పుడే అందజేయాలి. కాంక్రీటు పోశాక రైతు మాటకు డ్రాయింగు మారదు.