రికార్డులు - పుడమి క్షేమము

సంగీతము చెవికి మాత్రమే సంబంధించినదనియు, దానికి బరువు లేదనియు మనము తలచుచుందుము. కాని పాట మన యింటికి వచ్చుటకు ఏదో యొక వాహనము కావలెను. ఆ వాహనము లక్కయో, ప్లాస్టిక్కో, అట్టయో అయియుండును. పాట విని మరచిన పిమ్మట ఆ వస్తువు గతి యేమి? పెద్ద కంపెనీల ఆశ్రయము లేక తమ పాటలను తామే ప్రకటించుకొను గాయనీ గాయకులు నేడీ ప్రశ్నను వేసికొనుచున్నారు. కొనువారమగు మనమును దీనిని విచారింపవలసియున్నది.

మొదటి రికార్డుల కథ మన దేశమునకు మిక్కిలి దగ్గరిది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేసిరి. నాటి రికార్డులకు ప్రాణము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు తమ చుట్టును కప్పుకొను జిగురే యిది. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగ నిచ్చునదియు, హైదరాబాదు లాడ్ బజారులో గాజులగుచున్నదియు నీ లక్కయే. దీనికి రాతిపొడిని, నల్లరంగునకై మసిని చేర్చి, వేడిచేసి అచ్చొత్తెడివారు. 1942లో యుద్ధము వలన అమెరికాలో లక్కకు కరవు రాగా అచటి ప్రభుత్వము దాని వాడకమును తగ్గించెను. అప్పుడు పాత రికార్డులను పోగుచేసి, పొడిగొట్టి, మరల అచ్చొత్తిరి. పాతదానిని కరగించి క్రొత్తది చేయు నేర్పు నేటిది కాదన్నమాట. అయినను లక్క రికార్డు చేజారిన పగులును. ప్రక్కకు మూడు నాలుగు నిమిషముల పాటకంటె పట్టదు.

1948లో కొలంబియా కంపెనీవారు అమెరికాలో వినైలుతో లాంగ్ ప్లే రికార్డును తెచ్చిరి. వినైలనగా పి.వి.సి.; మన యిండ్లలోని నీటిగొట్టముల పదార్థమే. అది తేలిక, సులభముగా పగలదు, గరగర శబ్దము తక్కువ, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాట పట్టును. కాని దానికి మూలమగు వినైల్ క్లోరైడు కాన్సరు కలిగించునది. పారవేసిన వినైలు మట్టిలో కలియదు. కాల్చినచో విషవాయువులు వెలువడును. కావున పగిలిన రికార్డును చెత్తతో చేర్చి నిప్పంటించుట ఎన్నడును తగదు.

అట్లయిన వస్తువే వలదనవచ్చునా? కైల్ డెవైన్ అను పండితుడు 2019లో ప్రకటించిన గ్రంథములో అమెరికా లెక్కల నిచ్చియున్నాడు. 2000లో అచటి సంగీత వ్యాపారమునకు 6 కోట్ల 10 లక్షల కిలోల ప్లాస్టిక్కు పట్టగా, 2016లో సుమారు 80 లక్షల కిలోలే పట్టెను. కాని అంతర్జాలపు యంత్రములకు కావలసిన విద్యుత్తును లెక్కింపగా, భూమిని వేడెక్కించు వాయువులు 15 కోట్ల 70 లక్షల కిలోలనుండి 20 మొదలు 35 కోట్ల కిలోల వరకు పెరిగెను. కంటికి కనబడని పాటకును బొగ్గు కాలుచున్నది. అదియునుగాక అంతర్జాలములో పాటను వేలమంది విన్నను గాయనికి చేరునది స్వల్పము. కచేరి ముగిసిన పిమ్మట చేతికిచ్చి అమ్మిన రికార్డే చిన్న గాయనికి అన్నము పెట్టును. వస్తువును మానుమనుట ఆమె కంచమును లాగికొనుటయే యగును.

ఈ చిక్కు తీర్చుటకై కొన్ని ఉపాయములు పుట్టినవి. కర్మాగారములో మిగిలిన ముక్కలను పొడిచేసి మరల అచ్చొత్తుట మొదటిది. రంగులు కలగలసి, ఏ రెండు రికార్డులు నొక్కతీరున నుండవు. రెండవది, వాడిన వంటనూనె వంటి వ్యర్థములనుండి తీసిన ముడిపదార్థముతో వినైలు చేయుట. ఇది పెట్రోలియమును తగ్గించును గాని, తయారైనది పి.వి.సి.యే యని మరువరాదు. 2022లో ఇంగ్లండులోని ఎవొల్యూషన్ మ్యూజిక్ వారు మొక్కలనుండి తీసిన ప్లాస్టిక్కుతో మైకేల్ స్టైప్ పాటను వెలువరించిరి. 2024లో కోల్డ్‌ప్లే బృందము వారి రికార్డు ఒక్కొక్కటి తొమ్మిది పాత నీళ్లసీసాల ప్లాస్టిక్కుతో తయారయ్యెను. మొక్కల ప్లాస్టిక్కనగానే పెరటి ఎరువుగుంటలో కరగునని భ్రమపడరాదు. వానిలో పెక్కింటికి కర్మాగారములందలి అధికమైన వేడి కావలెను.

చిన్న గాయకులకు ఇంతకంటె సులభమైన మార్గములు గలవు. ముందుగా కొనువారి పేర్లు వ్రాసికొని, అన్ని ప్రతులే అచ్చొత్తించినచో అమ్ముడుపోని కట్టలు అటకపై పడియుండవు. 180 గ్రాముల బరువు రికార్డునకు మారు 140 గ్రాములది చాలును. పైని ప్లాస్టిక్కు పొర లేని అట్టసంచి శోభకు కొరత కాదు. విత్తనములు చేర్చిన కాగితముపై పాటల సంకేతమును ముద్రించి యిచ్చువారును గలరు. పాట దించుకొన్న పిమ్మట దానిని కుండీలో నాటిన మొలకెత్తును.

సోదరీమణులారా! పదార్థ మేదైనను, చిరకాలము నిలిచి పలుమారులు వినబడు రికార్డే మేలైనది. దానిని నిలువుగా నుంచుడు. ఎండ తగిలిన వంగిపోవును. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడువుడు. మీకు వలదన్న వేరొక యింటి కిండు. ఇత్తడి బిందెను తరతరములు వాడి, చొట్టపడిన మాటు వేయించుకొను గృహిణికి ఈ ధర్మమును వేరొకరు బోధింపనక్కరలేదు గదా!