మంచు లేని ఊరికి తగిన టైరు

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుండి ఒక చట్టం అమలులో ఉన్నది. చలికాలపు నెలలలో అక్కడ నమోదైన ప్రతి కారు నాలుగు చక్రాలకూ చలికాలపు టైర్లు తొడిగి తీరాలి. అందువల్ల మాంట్రియల్‌లో స్థిరపడిన మన కుటుంబాలకు దీపావళి సందడి ముగియగానే టైర్లు మార్పించే పని ఒకటి మీద పడుతుంది. అదే సమయంలో డార్విన్‌లోని తెలుగువాడు చెమటలు తుడుచుకుంటూ, తొలి ఉరుము కోసం ఆకాశం వంక చూస్తుంటాడు. అతనితో చలికాలపు టైర్ల ప్రస్తావన తెస్తే నవ్వుతాడు. మంచు లేని ఊరిలో టైర్లకు ఋతువేమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే ఈ వ్యాసం. డార్విన్ కారుకు కూడా ఒక కఠిన ఋతువున్నది. దాని పేరు చలికాలం కాదు, వానకాలం.

మన పంచాంగంలో ఋతువులు ఆరు. డార్విన్ నేలకు అనాదిగా హక్కుదారులైన లరాకియా ప్రజలు ఏడు ఋతువులను గుర్తిస్తారు. తరువాత వచ్చి స్థిరపడినవారు మాత్రం రెండింటితో సరిపెట్టుకున్నారు: మే నుండి అక్టోబరు వరకు పొడికాలం, నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానకాలం. హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు కాగా, డార్విన్‌లో సుమారు 1,700. అందులో ఒక్క జనవరి నెల వాటాయే 400 దాటుతుంది. చలి మాటకు వస్తే, డార్విన్ విమానాశ్రయంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 10.4 డిగ్రీలు.

ఈ అంకె ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, రబ్బరు స్వభావం ఉష్ణోగ్రతతో మారిపోతుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో క్రమంగా బిగుసుకుపోతుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డు గరుకుదనంలోకి ఒదగలేదు, పట్టు తప్పుతుంది. ఈ చిక్కును తీర్చడానికే ఫిన్లాండ్ దేశంలో ఒక రబ్బరు కర్మాగారం 1934లో ట్రక్కుల కోసం తొలి చలికాలపు టైరును తయారు చేసింది. నేటి చలికాలపు టైర్లలో సహజ రబ్బరు పాలు, సిలికా పాలు ఎక్కువ. అందుచేత మంచులో కూడా అవి మెత్తగా ఉంటాయి. పైభాగాన కత్తితో గీసినట్లు వందలాది సన్నని చీలికలు కూడా ఉంటాయి. అదే టైరును డార్విన్ మధ్యాహ్నపు తారు రోడ్డు మీదికి తెస్తే మరీ మెత్తబడి, మలుపులలో జావలా కదిలి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ దూరం పోయి, త్వరగా అరిగిపోతుంది. కాబట్టి టొరంటోలో పనికివచ్చిన సలహా డార్విన్‌లో పనికిరాదు. సలహా వెనుకనున్న సూత్రం మాత్రం పనికివస్తుంది: మీ ఊరి కఠిన ఋతువేదో చూసుకుని, అది రాకముందే టైర్లు సరిచూసుకోవాలి.

ఇక నీటి సంగతి. చిన్న కారు టైరు వెడల్పు 175 మిల్లీమీటర్లు అనుకుందాం. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉన్నది. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. లెక్క వేస్తే, ఒక్కొక్క ముందు టైరు సెకనుకు దాదాపు 12 లీటర్ల నీటిని తన దారి నుండి తప్పించాలి. అంటే సెకనుకొక బిందె! టైరు నేలను తాకే చోటు మన అరచేతికంటే పెద్దది కాదు. టైరులోని ఏ భాగమైనా ఆ అరచేతిలో ఉండేది సెకనులో నూటయాభయ్యో వంతు కాలమే. ఆ లిప్తపాటులో నీరు టైరు గాడులలోకి దూరి పక్కలకు చిమ్ముకుపోవాలి. పోలేకపోతే టైరు ముందు నీరు మేటలా పేరుకుని, చీలికలా కిందికి చొచ్చుకుని, టైరును నేల నుండి ఎత్తేస్తుంది. దీనినే ఆక్వాప్లేనింగ్ అంటారు. ఆ క్షణంలో స్టీరింగు చేతిలో తేలిపోతుంది, బ్రేకు పనిచేయదు. కారులో ఎన్ని ఎలక్ట్రానిక్ రక్షణ సాధనాలున్నా లాభం లేదు, ఎందుకంటే అవన్నీ రబ్బరుకూ రోడ్డుకూ నడుమనున్న స్పర్శ మీద ఆధారపడినవే. అటువంటప్పుడు చేయగలిగినది ఒక్కటే: యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకోవడం.

ఈ విషయాన్ని మొదట లోతుగా పరిశోధించినవారు విమానాలవారు. తడిసిన రన్‌వేల మీద విమానాలు జారిపోతుండగా, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన లాంగ్లీ కేంద్రంలో హార్న్, డ్రెహర్ అనే శాస్త్రజ్ఞులు 1963లో ఒక సులభ సూత్రాన్ని ప్రకటించారు. టైరు తేలిపోయే వేగం అందులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరించి ఉంటుందని దాని సారాంశం. మన కొలతలలోకి మార్చుకుంటే, చదరపు అంగుళానికి 36 పౌండ్ల గాలి ఉన్న టైరు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. 32 పౌండ్లు ఉంటే 94 దగ్గర, 24 పౌండ్లకు దిగజారితే 82 దగ్గర. ఇది విమానపు టైర్లకు, లోతైన నీటికి చెప్పిన లెక్క. కారు టైరుకు అంకెలు అచ్చంగా ఇవే వర్తిస్తాయని అనుకోకూడదు. వెడల్పు టైరు, అరిగిన టైరు ఇంతకంటే తక్కువ వేగానికే తేలవచ్చు. కాని గాలి తగ్గిన కొద్దీ ప్రమాదం దగ్గరవుతుందన్న మాట మాత్రం నిజం. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు సుమారు ఒక పౌండు గాలి పోగొట్టుకుంటుంది. మే నెలలో గాలి కొట్టించి నవంబరు దాకా పట్టించుకోని కారు తొలి వానకే పరీక్షకు నిలబడవలసి వస్తుంది. పైగా ఆరు నెలల పొడికాలంలో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలి జల్లుతో కలిసి జిగురు బురదలా మారతాయి. డార్విన్‌లో నాకు జనవరి కుండపోత కంటే నవంబరు జల్లు మీదనే అనుమానం ఎక్కువ.

క్రొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. ఆస్ట్రేలియా చట్టం 1.5 మిల్లీమీటర్ల దాకా అరగనిస్తుంది. చట్టం అనుమతించినది క్షేమమైనదే అని మనవారిలో ఒక నమ్మకం. అది పొడిరోడ్డు మీద కొంత చెల్లుతుందేమో కాని, తడిరోడ్డు మీద 3 మిల్లీమీటర్లు దాటి అరిగిన టైరు పట్టు త్వరత్వరగా పడిపోతుంది. బట్టతల టైరు దాకా లాగించి, తరువాత రీట్రెడ్ చేయించే మన పాత పొదుపు ఇక్కడ చెల్లదు. కొలవడానికి పరికరం అక్కరలేదు. ప్లాటిపస్ బొమ్మ ఉన్న ఆస్ట్రేలియా 20 సెంట్ల నాణెమును గాడిలో నిలబెట్టి చూడండి. రబ్బరు ఆ జంతువు ముక్కు దాకా రాకపోతే గాడి లోతు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువని ఇక్కడివారి గుర్తు. నాణెం పిల్లల చేతికిస్తే నాలుగు టైర్లనూ వారే పరీక్షించి వస్తారు.

గాడులు ఎంత లోతుగా ఉన్నా ఏ టైరూ చేయలేని పని ఒకటున్నది. రోడ్డుకు అడ్డంగా ప్రవహించే వరదను దాటించడం. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయపు జల పరిశోధనశాల వారు 2016లో ఒక చిన్న టొయోటా యారిస్ కారును నిజమైన ప్రవాహంలో నిలిపి చూశారు. టన్ను పైచిలుకు బరువున్న ఆ కారును సెకనుకు ఒక మీటరు వేగంతో పారుతున్న 15 సెంటీమీటర్ల నీరు కదిలించివేసింది. 60 సెంటీమీటర్ల నీటిలో కారు పూర్తిగా తేలిపోయింది. కాకడు దారిలో రోడ్డు పక్కన లోతు చూపే కొయ్యలు పాతి ఉంటాయి. చిన్న కారువారు వాటిని చదివి వెనుదిరగడమే మంచిది.

నీటి తరువాత శత్రువు వేడి. 175/65 ఆర్ 14 కొలత గల చక్రం గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ టైరు పక్కగోడ ఒకసారి నలిగి, మరల నిలబడుతుంది. గాలి తక్కువైతే నలుగుడు ఎక్కువ, నలుగుడు ఎక్కువైతే వేడి ఎక్కువ. ఆ వేడికి లోపలి ఉక్కు పట్టీల నుండి రబ్బరు విడిపోవచ్చు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. పైపొర ఊడిపోయి వాహనాలు బోల్తాపడిన ఆ ప్రమాదాలు అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి ఉష్ణ రాష్ట్రాలలో ఎక్కువగా జరగడం కాకతాళీయం కాదు.

ఇక్కడ ఒక చిన్న అపోహ తొలగించాలి. తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద 32 పౌండ్లు పట్టించిన టైరు, దారిలో 60 డిగ్రీలకు వేడెక్కితే 37 పౌండ్లు దాటి చూపుతుంది. అది చూసి గాలి తీసివేసేవారున్నారు. తీయకూడదు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలోని అంకె చల్లని టైరుకు చెప్పినది. వేడి మీద పెరిగేది అందులో లెక్కకు వచ్చినదే.

ఇంక కొట్టులో నిలబడి ఏమి అడగాలి? టైరు పక్కగోడ మీద వ్రాసినది చదవడం వస్తే అమ్మేవాడి వాక్చాతుర్యం మీద ఆధారపడనక్కరలేదు. "175/65 ఆర్ 14 82 టి" అని ఉంటే, వెడల్పు 175 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 14 అంగుళాలు, ఆర్ అంటే రేడియల్. 82 అనేది బరువు సంకేతం, ఒక్కొక్క టైరు 475 కిలోలు మోయగలదని అర్థం. టి అనేది వేగ సంకేతం, గంటకు 190 కిలోమీటర్లు. చీటీలో చెప్పిన బరువు, వేగ సంకేతాలకు తగ్గినదేదీ, ఎంత చవకైనా, తీసుకోవద్దు. ఐదుగురు మనుషులు, సామాను, పెద్ద బియ్యం బస్తా, మంచినీళ్ళ డబ్బాలు ఎక్కిన కారుకు ఆ అంకె అలంకారం కాదు. చాలా టైర్ల మీద అమెరికా పద్ధతి గ్రేడులు కూడా అచ్చువేసి ఉంటాయి. ట్రాక్షన్ అనేది తడిరోడ్డు మీద తిన్నగా ఆగే శక్తి. అందులో ఎ ఎ ఉత్తమం, ఎ మంచిది. టెంపరేచర్ అనేది వేడిని తట్టుకునే శక్తి, అందులో ఎ ఉత్తమం. ట్రెడ్‌వేర్ అంకె ఎక్కువైన కొద్దీ టైరు ఎక్కువ కాలం మన్నుతుంది. మనవారి చూపు సహజంగా ఈ మూడవదాని మీదికి పోతుంది. డార్విన్ వాసి మొదటి రెండింటినీ చూసి, తరువాతనే మన్నికను చూడాలని నా గట్టి అభిప్రాయం.

వయస్సు కూడా అక్కడే వ్రాసి ఉంటుంది. డి ఓ టి అన్న అక్షరాల వరుస చివరనున్న నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చి, పాత కారు కొనుక్కునే మన పిల్లలు ఈ నాలుగు అంకెలు తప్పక చూడాలి. "ఎక్కువ తిరగలేదు, గాడులు నిండుగా ఉన్నాయి" అన్న మాట ఒక వలవంటిది. ఎండలో నిలిచిన కారు టైరును అతినీలలోహిత కిరణాలు, ఓజోను కలిసి మెల్లగా తినివేస్తాయి. పక్కగోడ మీద సన్నని బీటలు కనిపిస్తే గాడి లోతుతో నిమిత్తం లేదు. ఐదేళ్ళు దాటిన టైరును ఏటేటా నిపుణుడికి చూపించాలి. పదేళ్ళు దాటినదానిని అరగకపోయినా తీసివేయాలి.

డబ్బు చాలక రెండే టైర్లు కొనవలసి వస్తే క్రొత్తవి ముందు వేయాలా, వెనుక వేయాలా? ఇంజను లాగేది ముందు చక్రాలనే కాబట్టి ముందేనని చాలామంది అంటారు. సరైన సమాధానం వెనుక. ముందు టైర్లు తేలితే కారు తిన్నగా జారుతుంది. వేగం తగ్గగానే మరల పట్టు దొరుకుతుంది, డ్రైవరుకు ముందే కొంత తెలుస్తుంది. వెనుక టైర్లు తేలితే కారు బొంగరంలా తిరిగిపోతుంది. మామూలు గృహస్థుడు దానిని అదుపులోకి తీసుకోలేడు. కొట్టువాడు ముందుకు వేయబోతే వారించి వెనుకకు వేయించుకోండి.

బిగించేటప్పుడు బాలెన్సింగ్, వీల్ అలైన్‌మెంట్ చేయించడం దండుగ ఖర్చు కాదు. అలైన్‌మెంట్ తప్పితే క్రొత్త టైరు ఒక అంచు కొద్ది నెలలలోనే అరిగిపోతుంది. టైరు మీద బాణం గుర్తుంటే అది చక్రం తిరిగే దిక్కును చూపాలి. తలక్రిందులైతే గాడులు నీటిని బయటికి నెట్టడం మాని లోపలికి లాగుతాయి. నట్లను పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని వంతులవారీగా బిగించాలి. చివరకు టార్క్ రెంచితో, కారు పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచూడాలి. 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత మరొకసారి చూడాలి.

మనం స్టెప్నీ అని పిలిచే అదనపు చక్రం గురించి కూడా చెప్పాలి. వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి ఉన్నది. అక్కడి డేవిస్ సోదరులు 1904లో అమ్మిన అదనపు చక్రానికి ఆ వీధి పేరే వచ్చి, మన తెలుగు మెకానిక్కుల నోట నిలిచిపోయింది. డార్విన్ మెకానిక్కుకు ఆ మాట అర్థం కాదు, స్పేర్ అనాలి. స్టూవర్ట్ రహదారి మీద కాథరిన్ పట్టణం సుమారు 320 కిలోమీటర్లు, ఆలిస్ స్ప్రింగ్స్ సుమారు 1,500. నార్తర్న్ టెరిటరీలో ఆ రహదారి మీద గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లు, ఎదురు వచ్చే రోడ్ ట్రైను పొడవు 50 మీటర్లు దాటవచ్చు. నేటి చిన్న కార్లలో చాలావాటికి ఇచ్చేది సన్నని తాత్కాలిక చక్రం, దాని మీద 80 దాటి పోరాదు. కొన్నిటిలో అదీ లేదు, జిగురు సీసా, గాలి పంపు మాత్రమే. పక్కగోడ చిరిగితే ఆ జిగురు పనిచేయదు. కాథరిన్ దాటి వెళ్ళదలచినవారు పూర్తి కొలత స్టెప్నీ ఒకటి సంపాదించుకోవాలి. బయలుదేరే ముందురోజు ఇంటి ముందు జాకీ వేసి, ఒక చక్రం విప్పి బిగించి చూడాలి. స్టెప్నీలో గాలి ఎంత ఉన్నదో కూడా అప్పుడే తెలుస్తుంది. చాలా కార్లలో అది కొన్ననాటి నుండి ఎవరూ చూడనిదే.