ఎర్ర తెర ఎందుకు వస్తుంది?

కువైట్‌కు ఉద్యోగరీత్యా వచ్చిన పట్టభద్రులకు ధ్రువీకరణ అంటే ఏమిటో ఎవరూ బోధించనక్కరలేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టాపై ముందుగా రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆ తరువాత భారత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన కువైట్ రాయబార కార్యాలయపు ముద్ర, ఇక్కడికి చేరాక ఇచ్చటి విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఈ అధికారులలో ఎవరూ మన చదువును పరీక్షించరు. తమకు ముందున్న సంతకం నిజమైనదేనని మాత్రమే ఒక్కొక్కరు సాక్ష్యం చెబుతారు. ఆ గొలుసులో ఒక్క ముద్ర లోపించినా పట్టా వెనక్కి వస్తుంది.

మన కంప్యూటరులోని బ్రౌజరు కూడా ప్రతి వెబ్‌సైటును తెరిచేటప్పుడు కనురెప్పపాటులో ఇదే పని చేస్తుంది. గొలుసు సరిపోతే మనకు ఏమీ తెలియదు. సరిపోకపోతే “మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదు” అనే హెచ్చరిక తెర నిండా కనిపిస్తుంది. ఎగైలాలోనైనా, మంగాఫ్, ఫహాహీల్‌లలోనైనా, రాజంపేటలో ఉన్న తల్లిదండ్రులకు డబ్బు పంపవలసిన రాత్రి ఆ తెర వస్తే మనలో చాలామంది క్రింద చిన్న అక్షరాలలో ఉన్న ‘ముందుకు సాగు’ అనే మాట కోసం వెతుకుతారు. ఆ మాట నొక్కడానికి ముందు, హెచ్చరికకు కారణమేమిటో చదవడం నేర్చుకోవాలి. దానికి కంప్యూటరు శాస్త్రంలో పట్టా అవసరం లేదు.

ధ్రువపత్రంలో ఏముంటుంది?

1977లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక జంట తాళపుచెవుల పద్ధతిని రూపొందించారు. ఒకటి బహిరంగం, మరొకటి రహస్యం. బహిరంగమైన దానితో ఎవరైనా సందేశాన్ని మూసివేయవచ్చు. దానిని తెరవడం రహస్యమైనది కలిగినవారికి మాత్రమే సాధ్యం. అలాగే రహస్యమైన దానితో చేసిన సంతకాన్ని బహిరంగమైన దానితో ఎవరైనా సరిచూడవచ్చు. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు కోసం ఎస్.ఎస్.ఎల్. అనే భద్రతా విధానాన్ని ఇటువంటి పద్ధతులపైనే నిర్మించింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉత్తరానికి ఎంత గట్టిగా లక్క వేసినా, దానిని దొంగ చేతికే ఇస్తే ప్రయోజనం లేదు. అవతల ఉన్నది నిజంగా మన బ్యాంకేనా? ఈ ప్రశ్నకు సమాధానమే ధ్రువపత్రం. అందులో ముఖ్యమైనవి నాలుగు: వెబ్‌సైటు పేరు, పత్రం చెల్లుబాటయ్యే తేదీలు, బహిరంగ తాళపుచెవి, ధ్రువీకరించిన సంస్థ సంతకం. ఆ సంస్థకు దానిపై సంస్థ, ఆ పై సంస్థకు మూల సంస్థ సాక్ష్యం. నమ్మదగిన మూల సంస్థల జాబితాను మైక్రోసాఫ్ట్, ఆపిల్, గూగుల్, మొజిల్లా తమ తమ ఉత్పత్తులలో ముందుగానే పొందుపరుస్తాయి.

రసాయన ప్రయోగశాలలో మేము వాడే తూకపు రాళ్ళకూ ఇటువంటి గొలుసే ఉంటుంది. మా రాయిని అంతకంటే మేలైన రాయితో, దానిని జాతీయ ప్రమాణంతో సరిచూసి ఉంటారు. గొలుసు తెగినా త్రాసు అంకెను చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకెను నమ్మవచ్చునా అన్నదే ప్రశ్న.

ముందుగా ఖాళీ పరీక్ష

ప్రయోగం తప్పినప్పుడు రసాయన శాస్త్రజ్ఞుడు చేసే మొదటి పని ఖాళీ పరీక్ష. అంటే, అసలు పదార్థం వేయకుండా మిగిలిన ప్రక్రియ అంతా జరిపి చూడడం. అప్పుడూ తప్పుడు ఫలితమే వస్తే దోషం పరికరంలోనో, ద్రావణంలోనో ఉన్నట్లు. ఇక్కడా అదే సూత్రం. హెచ్చరిక రాగానే బాగా తెలిసిన మరి రెండు సైట్లను తెరిచి చూడాలి. అన్నింటికీ హెచ్చరిక వస్తే దోషం మన ఇంట్లోనో, మనం వాడుతున్న నెట్ కనెక్షన్‌లోనో ఉంది. ఒక్కదానికే వస్తే చాలావరకు దోషం అవతల ఉంది.

మొదటి కారణం: తేదీ

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళేటప్పుడు ఇంట్లోని కంప్యూటరు ప్లగ్గు తీసి వెళతాం. ఆ సమయంలో లోపలి గడియారాన్ని నడిపేది మూడు వోల్టుల నాణెపు బ్యాటరీ. అది పాతదై ఉంటే రెండు నెలలలో చల్లారిపోతుంది. తిరిగి వచ్చి మీట వేసేసరికి గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంటుంది. ఆ తేదీ ప్రకారం ప్రపంచంలోని ధ్రువపత్రాలేవీ ఇంకా పుట్టనే లేదు! అందుకే ప్రతి సైటుకూ ఎర్ర తెర. తేదీ సరిచేస్తే సమస్య తీరుతుంది. కంప్యూటరు ఆపిన ప్రతిసారీ మళ్ళీ వస్తుంటే బ్యాటరీ మార్చాలి.

కాలమండలాన్ని కూడా గమనించాలి. భారతదేశంలో కొన్న కంప్యూటరును ఇక్కడికి తెచ్చి, మండలం మార్చకుండా ముల్లు మాత్రమే కువైట్ సమయానికి త్రిప్పితే, అది అసలు కాలానికి రెండున్నర గంటలు వెనుకబడుతుంది. అప్పుడే జారీ అయిన పత్రం దానికి చెల్లనిదిగా కనిపించవచ్చు.

ఒక్క సైటుకే తేదీ దోషం చూపితే, దాని యజమాని పత్రాన్ని సకాలంలో పునరుద్ధరించలేదని అర్థం. ఈ పత్రాల ఆయుర్దాయం తగ్గుతూ వస్తోంది. 2020 సెప్టెంబరు నుండి గరిష్ఠంగా 398 రోజులు. 2025 ఏప్రిల్‌లో జరిగిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుండి 200 రోజులు, 2027 మార్చి 15 నుండి 100 రోజులు, 2029 మార్చి 15 నుండి 47 రోజులు. పునరుద్ధరణను యంత్రాలకు అప్పగించని చిన్న సంస్థల సైట్లలో ఈ పొరపాటు ఎక్కువయ్యే అవకాశం ఉంది.

రెండవ కారణం: పేరు

పత్రంలోని పేరు, మనం అడిగిన పేరు ఒకటి కాకపోతే బ్రౌజరు ఆగిపోతుంది. అక్షరం తప్పు కొట్టి ఉండవచ్చు. షాపింగ్ మాల్‌లో, విమానాశ్రయంలో ఉచిత వైఫై వాడుతుంటే, అక్కడి ద్వారపాలక యంత్రం మన బ్యాంకుకు బదులు తన ప్రవేశ పుటను చూపించబోయి ఉండవచ్చు. ఎవరైనా మధ్యలో దూరి మోసం చేస్తూనూ ఉండవచ్చు. ఈ రెండింటినీ మన కంటితో వేరుచేయలేము. వైఫై ఆపి, మన మొబైల్ డేటాతో మళ్ళీ ప్రయత్నించడం ఉత్తమం. హెచ్చరిక మాయమైతే దోషం ఆ వైఫైలో ఉన్నట్లు.

ఇక్కడ మరొక మాట. మోసగాడు బ్యాంకు పేరును పోలిన పేరు ఒకటి కొని, ఆ పేరుకు చెల్లుబాటయ్యే పత్రాన్నే పొందవచ్చు. అప్పుడు ఏ హెచ్చరికా రాదు. తాళం బొమ్మ దారి భద్రతను చెబుతుందే కాని, గమ్యంలో ఉన్నవారి నిజాయితీని చెప్పదు. ప్రజలు దీనిని అపార్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుండి ఆ తాళం బొమ్మను తొలగించింది.

మూడవ కారణం: సాక్షి

2021 సెప్టెంబరు 30న ‘డి.ఎస్.టి. రూట్ సి.ఎ. ఎక్స్3’ అనే మూల ధ్రువపత్రం కాలం తీరింది. లక్షలాది సైట్లకు ఉచితంగా పత్రాలిచ్చే ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ అంతవరకు దాని ఆసరా కూడా తీసుకునేది. కొత్త మూలాన్ని ఎరుగని పాత యంత్రాలెన్నో ఆనాడు మొరాయించాయి. 7.1.1కు ముందు ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు కూడా 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. మనం వాడి విడిచిన ఫోనును ఊళ్ళో అమ్మకు ఇచ్చి వస్తాం కదా! ఆ ఫోనులో కొన్ని సైట్లు తెరుచుకోకపోతే తప్పు అమ్మది కాదు, ఫోను వయసుది. సాఫ్ట్‌వేరును నవీకరించాలి, అది కుదరకపోతే ఆ ఫోనుతో బ్యాంకు పనులు మాన్పించాలి.

సాక్షులే తప్పు చేసిన సందర్భాలూ ఉన్నాయి. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం క్రింద ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులిచ్చే కంట్రోలర్ కార్యాలయం ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. కూడా ఆ లైసెన్సు పొంది బ్యాంకులకు పత్రాలు జారీ చేసింది. అటువంటి మరో సంస్థ నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్. దాని పేరిట గూగుల్ సైట్లకు అనధికార పత్రాలు జారీ అయినట్లు 2014 జూలై 2న గూగుల్ గుర్తించింది. మరునాడే కంట్రోలర్ ఆ సంస్థ మధ్యస్థ పత్రాలను రద్దు చేశారు. భారత మూల ధ్రువపత్రం మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండడం వల్ల విండోస్ వాడేవారికి ముప్పు ఏర్పడింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో లేనందున దానిని వాడేవారికి ముప్పు లేకపోయింది.

ఇటువంటి అనుభవాల నుండి పుట్టినదే బహిరంగ పద్దుల విధానం. 2018 ఏప్రిల్ 30 తరువాత జారీ అయిన పత్రాలను, అందరూ చూడగల పద్దులలో నమోదైతేనే క్రోమ్ అంగీకరిస్తుంది.

మనం చేయవలసినది

హెచ్చరిక వచ్చినప్పుడు వరుసగా చూడవలసినవి ఇవి: తేదీ, కాలమండలం, మరి రెండు సైట్లతో ఖాళీ పరీక్ష, పేరులోని అక్షరాలు, వైఫై మార్పు, బ్రౌజరు నవీకరణ. ఎవరో పంపిన ధ్రువపత్రాన్ని మన యంత్రంలో చేర్చుకోవడం, అపరిచితునికి ఇంటి సాక్షి పదవి కట్టబెట్టడమే. అది ఎన్నడూ చేయరాదు.

ఇవన్నీ చూసిన తరువాత కూడా ఎర్ర తెర పోకపోతే, వంటల సైటు అయితే రహస్య పదమేదీ ఇవ్వకుండా చదువుకుంటే పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. బ్యాంకు, వీసా, ఆసుపత్రి సైట్లలో మాత్రం ఆగిపోవాలి. కొన్ని సైట్ల విషయంలో బ్రౌజరు ముందుకు సాగే దారినే మూసివేస్తుంది. దానిని తప్పించుకునే ఉపాయాలు వెతకవద్దు. డబ్బు రేపు పంపవచ్చు. కార్డు వెనుక ముద్రించిన నంబరుకు ఫోను చేసి బ్యాంకువారినే అడగవచ్చు. ఇంట్లో కంప్యూటరును ముందుగా ముట్టుకునేది పిల్లలే కాబట్టి ఈ వరుసను వారికి నేర్పితే, సెలవులలో తాతగారి ఫోనును సరిచూసే పని వారే చేస్తారు.